రెండు తెలుపులు

తెల్లనివన్నియు పాలు కావని మన పెద్దలు చెప్పుచుందురు. వారు మనుష్యులను గూర్చి చెప్పిన మాట అది. అయితే ఇంటికి రంగు కొనుటకు అంగడికి పోయినవారికి అది అక్షరాల నిజమని తెలియును. తెలుపు అను ఒక్క పేరు క్రింద అక్కడ పాలున్నవి, మీగడ యున్నది, వెన్న యున్నది, ముత్యము, దంతము, శంఖము, గుడ్డు పెంకు, కోరా బట్ట, లేత గంధము అన్నియు ఉన్నవి. పూర్వము మన ఇండ్లకు ఒక్క తెలుపే యుండెను. అది సున్నము. దానిని ఎవరును ఎంచుకొనలేదు. క్రిస్మసు దగ్గర పడగానే కుండలో నానబెట్టి గోడకు పూసిరి, అంతే. ఇప్పుడు ఎంచుకొనవలసి వచ్చినది. ఎంచుకొనుట సులభమని తలంచువారు ఒక్కసారి భార్యను, ఎదిగిన కుమారుని వెంటబెట్టుకొని ఆ అంగడి మెట్లు ఎక్కి చూడవలెను.

మా ఊరు కోదాడకు దగ్గరలో, హుజూర్‌నగర్ పోవు దారిలో ఉన్నది. 2023వ సంవత్సరములో మేము అక్కడ క్రొత్త ఇల్లు కట్టించితిమి. స్థలము వీధికి దక్షిణపు ప్రక్కన దొరికినందున ముఖద్వారము ఉత్తరమునకు వచ్చినది. ఈ సంగతి ముందు పనికివచ్చును గనుక జ్ఞాపకముంచుకొనుడి. మా అబ్బాయి సూర్యాపేటలో ఉద్యోగము చేయుచున్నాడు. ఇంటి అప్పు అతని పేరననే యున్నది. మా ఇంటామె ఇరువది ఐదేండ్లు రెండు గదుల సున్నపు ఇంటిలో కాపురము చేసి, ఆ ఇంటి పునాదికి తన చేతి గాజులు ఇచ్చినది. వీరిద్దరికిని నడుమ నేను. నాకు పైన మా అమ్మ.

అబ్బాయికి తెలిసిన అంగడి సూర్యాపేటలో ఉండుటచేత రంగు కొరకు అక్కడికే పోయితిమి. అంగడివాడు రంగుల పుస్తకము విప్పి మా ముందు పెట్టెను. గంటసేపటికి అన్ని రంగులు పోయి రెండు మాత్రమే మిగిలినవి. రెండును తెలుపులే. వాటికి అంగడి పేర్లు వేరే గలవు గాని, మా ఇంటిలో ఒకటి మీగడ, ఒకటి ముత్యము అని పేరుపడినవి. మీగడ మా ఇంటామెది, ముత్యము అబ్బాయిది. ముత్యము ఆసుపత్రి గోడవలె ఉన్నదని ఆమె అనెను. మీగడ మూడేండ్లు మాసిన తెలుపువలె ఉన్నదని అతడనెను.

ఈ రెండును ఎట్లు తయారగునో అంగడివాడు మాకు చూపించెను. డబ్బాలో ముందుగానే ఒక తెల్లని మూలపు రంగు ఉండును. దానిని యంత్రము క్రింద పెట్టి సంఖ్య కొట్టగానే, పైనున్న గొట్టముల నుండి పసుపుపచ్చ, ఎరుపు, నలుపు మొదలైన గాఢమైన రంగులు చుక్కలు చుక్కలుగా పడును. మీగడకు పసుపుపచ్చ ఎక్కువ, ఎరుపు కొద్దిగా. ముత్యమునకు నలుపు, దానితోపాటు నీలపు జాడ. పిదప డబ్బాను బిగించి గిలకొట్టుదురు. ఇరువది లీటర్ల డబ్బాలో పడు ఆ చుక్కలన్నియు కలిపినను ఒక చిన్న టీ గ్లాసు నిండునో నిండదో. మా ఇంటిలో పదునైదు దినములు మాటలు లేకుండ చేసినది ఆ టీ గ్లాసెడు రంగే.

అమ్మకు ఆ రెండు కాగితపు ముక్కలు చూపించితిమి. ఆమె వాటిని వాకిట వెలుతురులోనికి తీసికొనిపోయి, అటు త్రిప్పి ఇటు త్రిప్పి చూచి, "రెండూ ఒక్కతీరుగనే ఉన్నయి కదరా. దీనికింత లొల్లెందుకు?" అనెను. తరువాత కోడలి ముఖము, మనుమని ముఖము చూచి, "ఇల్లెవరిదో ముందుగాల తేల్చుకోండ్రి. రంగు సంగతి తర్వాత చూద్దాం" అనెను. ఎవరును నవ్వలేదు.

ఇక్కడ సున్నమును గూర్చి కొంత చెప్పవలెను. ఎందుకనగా మా ఇంటి వాదమంతయు సున్నపు గోడల జ్ఞాపకము నుండి వచ్చినదే. మా ప్రాంతమునకు సున్నపురాయి కొత్త కాదు. హుజూర్‌నగర్ దాటి మేళ్ళచెరువు, మఠంపల్లి మీదుగా కృష్ణ ఒడ్డు వరకును, అటు మిర్యాలగూడ దిగువన వాడపల్లి దగ్గరను, నేల క్రింద ఆ రాయియే. అందుచేతనే అక్కడ సిమెంటు కర్మాగారములు వెలసినవి. సూర్యాపేట జిల్లాలోనే ఉన్న ఫణిగిరి బౌద్ధ శిల్పములు కూడ సున్నపురాతితో చెక్కినవే. వాటిని చూచినవారు ఆ రాయి తెలుపో బూడిదయో చెప్పలేరు. ఆ రాతిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడికి కాల్చినయెడల అందులోని బొగ్గుపులుసు గాలి పోయి పొడిసున్నము మిగులును. దానిపై నీళ్ళు పోయగానే కుతకుత ఉడికి వెన్నవలె అగును. ఆ వెన్నను పలుచన చేసి గోడకు పూసినప్పుడు అది గాలిలోని ఆ పోయిన వాయువునే తిరిగి పీల్చుకొని మరల రాయి యగును. అనగా సున్నము వేసిన గోడపై ఉన్నది రంగు కాదు, పలుచని రాతిపొర.

ఆ సున్నమును మా అమ్మ వేయు తీరు నాకు బాగుగా తెలియును. రెండు దినములు కుండలో నానవేసి, పాత చీరగుడ్డలో వడగట్టి, అంటుకొని యుండుటకు తుమ్మజిగురు, గుప్పెడు ఉప్పు కలిపి, చివరకు చిటికెడు నీలిమందు వేసెడిది. ఎందుకు వేయుచున్నావని అడిగినయెడల తెల్లగ వచ్చుటకు అని చెప్పెడిది. మన రాతిలో మన్ను, ఇనుము కొంచెము కలిసి యుండుటవలన దాని సున్నమునకు పసుపు జాడ యుండును. పసుపునకు ఎదురైన నీలము కలిపినయెడల రెండును ఒకదానినొకటి కొట్టుకొని కన్నుకు తెలుపుగా కనబడును. ఉతికిన పంచెలకు నీలిమందు పెట్టుటయు ఇందుకే. కాబట్టి తెలుపులు రెండు రకములను సంగతి అంగడివారు కనిపెట్టినది కాదు. నీలి చిటికెడు ఎక్కువైన ఇల్లు, తక్కువైన ఇల్లు మా వాడలో ప్రక్క ప్రక్కనే యుండెడివి; ఏ కోడలి చేయి ఎట్టిదో గోడను చూచి చెప్పువారు. గోడ అడుగున, గడప దగ్గర జేనెడు ఎత్తు ఎర్రని జాజు పూసెడివారు. వానచినుకులు నేలమీద పడి ఎగజిమ్మిన మన్ను ఆ ఎరుపులో కలిసిపోయెడిది. అది అందమునకని నేను అనుకొనుచుంటిని. జాజునకు ఇంకొక పని గలదని మాకు తరువాత తెలిసినది.

నేటి తెలుపు వేరు. అది టైటానియమను లోహపు భస్మము. కేరళలోని చవర తీరమునను, మన భీమునిపట్నము తీరమునను ఉన్న నల్లని ఇసుకలో దాని ఖనిజము దొరకును. నల్లని ఇసుక నుండి ఇంత తెలుపు వచ్చుట వింతయే. దానికి ముందు నూనె రంగులలో సీసపు తెలుపు చాల కాలము వాడిరి. అది విషము, పిల్లలకు మరి అపాయము. ఇండ్లకు వేయు రంగులో సీసము పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదను నియమము మన దేశమున 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. పాత తలుపులను, కిటికీలను గీకించువారు పిల్లలను దూరముగా ఉంచి, ఆ పొడిని తడిగుడ్డతో ఎత్తివేయవలెను.

అక్టోబరు నెలలో గోడలకు లప్పము పెట్టుట పూర్తియైనది. లప్పము తెలుపు. నేలకు పరచిన బండలును అబ్బాయి ఎంచుకొన్న తెల్లనివే, అద్దమువలె మెరయునవి. ఆ సాయంకాలము అమ్మ ఇల్లు చూచుటకు వచ్చి, నడవలో నుండి తన గదివైపు తిరుగుచు, గోడ మూల ఇంకను దూరమున ఉన్నదనుకొని భుజము కొట్టుకొని పడినది. ఎముకలు విరుగలేదు. మోచేయి కమిలి నల్లబడినది. ఆమె లేచి కూర్చుండి మొదట చెప్పిన మాట, "గోడ కనిపియ్యలేదురా" అనునదే. అంత పెద్ద గోడ!

ఆ సంవత్సరము కంటి వెలుగు రెండవ విడత జనవరి 18న ఖమ్మములో ప్రారంభమై, కొన్ని వారములకు మా ఊరికి శిబిరము వచ్చినది. అప్పుడే ఆమె రెండు కండ్లలోను శుక్లమున్నదని చెప్పియుండిరి. ఇల్లు పూర్తి కానిమ్మని, పత్తి ఏరుట కానిమ్మని ఆమె దాటవేయుచు వచ్చినది. పడిన తరువాత దాటవేయుటకు వీలు లేకపోయెను. నవంబరులో కుడికంటికి శస్త్రచికిత్స జరిగినది. ఇంటిలో లప్పము గీకుడు దుమ్ము లేచుచున్నది, ఆపరేషను చేసిన కంటికి దుమ్ము తగులరాదు. కావున మిర్యాలగూడలో ఉన్న మా అక్క ఇంటికి ఆమెను తీసికొనిపోయితిమి. కోదాడ నుండి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకు నేరుగా బస్సు దొరకును.

అక్క ఇంటి గోడలకు మూడేండ్ల క్రిందట వేసినది మా మీగడ రంగే. అదే సంఖ్య. మా ఇంటామె ఆ రంగును అక్కడ చూచియే కోరినది. అయితే అక్క ఇంటి చుట్టు సాగరు ఎడమ కాలువ క్రింది వరిపొలములు. 1967 ఆగస్టులో ఆ ప్రాజెక్టు కాలువలకు నీళ్ళు వదలిననాటి నుండి ఆ వైపు నేల రూపే మారిపోయినది. పొలము పచ్చగా ఉన్నప్పుడు కిటికీ దగ్గరి గోడ పచ్చ జాడతో చల్లగా కనబడును, కోతలైన తరువాత అదే గోడ గడ్డి రంగునకు తిరుగును. గోడ తన రంగు తానే మోయుచున్నదనుకొందుము గాని, కిటికీ ఎదుట ఏమున్నదో దానిని గూడ అది మోయుచుండును.

మా బావ అక్కడి బియ్యపు మిల్లులో చాలకాలము పని చేసినవాడు. మిర్యాలగూడలో మిల్లులు మెండు. తెలుపు వెల అక్కడివారికి తెలిసినట్టు రంగుల అంగడివారికి తెలియదని నా ఉద్దేశము. మా తగాదా విని బావ నవ్వి, నాలుగు గుప్పిళ్ళ బియ్యము తెచ్చి నల్లగుడ్డపై వేరువేరుగా పోసెను. క్రొత్త పచ్చి బియ్యము, ఏడాది మాగిన పచ్చి బియ్యము, ఆవిరి పట్టిన బియ్యము, ఉప్పుడు బియ్యము. ఒక్కొక్కటి చూచినయెడల అన్నియు తెలుపే. నాలుగును కలిపి చూచినయెడల మొదటిది సుద్దవలె, కడపటిది తేనె చుక్క కలిపినట్టు కనబడెను. వడ్లను ఉడికించినప్పుడు పొట్టులోను తవుడులోను ఉన్న రంగు గింజలోనికి దిగుటచేత ఉప్పుడు బియ్యమునకు ఆ పసుపు వచ్చును. బావ రెండు కుప్పలను ప్రక్క ప్రక్కనే పెట్టి, "ఇది తెల్లగుంది, అది పచ్చగుంది అంటవు కదా బామ్మర్ది?" అని, ఒక కుప్పను గుడ్డతో కప్పి, "ఇప్పుడు చెప్పు" అనెను. రెండవ కుప్ప ఒక్కటే మిగిలినప్పుడు అది పచ్చగా లేదు. తెల్లగానే ఉన్నది.

ఫ్రాన్సు దేశములో షెవ్రూల్ అను రసాయన శాస్త్రజ్ఞుడు గోబెలిన్స్ అను నేత కర్మాగారములో అద్దకపు పనిని చూచుచుండెను. నల్ల నూలు సరిగా నల్లగా లేదని ఫిర్యాదులు రాగా, పరీక్షించి, దోషము అద్దకములో లేదు, ప్రక్కన నేసిన రంగులో ఉన్నదని తేల్చెను. 1839లో అతడు ఈ సంగతిపై పెద్ద గ్రంథమే ప్రచురించెను. ప్రక్క ప్రక్కన పెట్టిన రెండు రంగులు ఒకదానినొకటి దూరముగా నెట్టును. రంగుల పుస్తకములో తెలుపులన్నియు అతుక్కొని ఉండును గనుక వాటి భేదము అంగడిలో కొండంత కనబడును. ఇంటికి పోయిన పిమ్మట గోడపై ఒక్కటే ఉండును, దాని ప్రక్కన పోల్చుటకు ఇంకొకటి ఉండదు. బావ అంత శాస్త్రము చదువలేదు, బియ్యము చదివెను.

నేను చెప్పవలెనని కూర్చున్న సంగతి ఇప్పుడు వచ్చుచున్నది. కట్టు విప్పిన నాలుగవ దినమున అమ్మ అక్క ఇంటి వసారాలో మంచముపై కూర్చుండి ఎదుటి గోడను చూచుచుండెను. ఒక అరచేతితో ఎడమకన్ను మూసి చూచెను. పిమ్మట కుడికన్ను మూసి చూచెను. మరల ఎడమది, మరల కుడిది. మేము భయపడి, ఏమైనదని అడిగితిమి.

"ఏందిరా ఇది! ఈ కంటికేమో మనుమని గోడ, ఈ కంటికేమో కోడలి గోడ" అనెను.

ఒక్క గోడ. ఒక్క రంగు. ఆపరేషను చేసిన కంటితో చూచినప్పుడు అది ముత్యము, చేయని కంటితో చూచినప్పుడు అది మీగడ కంటెను పసుపు, పాత తాటాకు.

తరువాత ఆసుపత్రిలో అడుగగా దాని కారణము చెప్పిరి. వయస్సు పెరుగుచుండగా కంటిలోని కటకము పసుపుబారును, శుక్లము ముదిరినప్పుడు గోధుమ రంగునకు కూడ తిరుగును. పసుపు అద్దము గుండ చూచినట్టు అది నీలపు వెలుతురును లోనికి రానీయదు. అది కొద్దికొద్దిగా జరుగుటచేత ఆ మనిషికి తెలియదు, లోకమే అట్లున్నదనుకొనును. ఆ కటకము తీసి స్పష్టమైన క్రొత్త కటకము పెట్టగానే ఇన్నేండ్లు ఆగిన నీలము ఒక్కసారిగా లోనికి వచ్చును. ఒక కంటికే ఆపరేషను జరిగినవారు మాత్రమే రెంటిని పోల్చి చూడగలరు. క్లోడ్ మోనే అను గొప్ప చిత్రకారుడు 82 ఏండ్ల వయస్సున, 1923లో, కుడికంటికి ఈ శస్త్రచికిత్స చేయించుకొనెను, ఎడమకంటికి ఒప్పుకొనలేదు. రంగులతోనే బ్రదికిన ఆ మనుష్యుడు తన రెండు కండ్లు రెండు వేరు రంగులు చెప్పుచుండగా ఎంతో వ్యాకులపడెనట. మా అమ్మ వ్యాకులపడలేదు. ఆ దినమంతయు పిల్లలవలె ఒక కన్ను, ఇంకొక కన్ను మూసి, పాలు, పంచె, కోడిగ్రుడ్డు, అక్క నెరసిన జుట్టు, అన్నియు రెండేసి సార్లు చూచెను.

ఈ మాట కోదాడకు వచ్చి చెప్పగా మా ఇంటామెయు అబ్బాయియు చాలసేపు ఊరకుండిరి. అంతవరకు ఇద్దరిలో ఒకరి కన్ను సరియైనదని, ఒకరిది పొరపాటని వారి వాదము. అమ్మకు అదే తలలో రెండు కండ్లున్నవి. ఆ రాత్రి అబ్బాయియే, "రెండూ గోడకు పూసి చూద్దాం అమ్మా" అనెను.

ఆ పూసి చూచిన విధము పనికివచ్చునని వ్రాయుచున్నాను. లీటరు లీటరు చొప్పున రెండు రంగులు తెచ్చి, లప్పముపై ప్రైమరు వేసిన తరువాత, ఉత్తరపు హాలులో ఒక గోడకు మీగడ, ఎదుటి గోడకు ముత్యము రెండడుగుల చదరముగా రెండు పూతలు వేయించితిమి. పడమటి గదిలోను అట్లే. ప్రక్క ప్రక్కన వేయించలేదు, బావ బియ్యము జ్ఞాపకమున్నది గదా. పూసిన వెంటనే చూచి ఏమియు అనరాదని రంగుల మేస్త్రీ చెప్పెను. సున్నము తడిలో పలుచగా కనబడి ఆరిన పిమ్మట తెల్లబడును. ఈ రంగులు దానికి తలక్రిందులు, ఆరిన పిమ్మట రవంత ముదురును. మూడు దినములు ప్రొద్దున, మధ్యాహ్నము, దీపములు పెట్టిన తరువాత చూచితిమి.

ఉత్తరపు హాలులోనికి ఎండ నేరుగా రాదు. ఆకాశపు వెలుతురు మాత్రము వచ్చును, అది నీలపు వెలుతురు. అక్కడ ముత్యము ప్రొద్దుటిపూట బూడిద, మబ్బు పట్టినప్పుడు ఉతుకని కంబళి. మీగడ అదే చోట పసుపు అంతయు పోగొట్టుకొని నిఖార్సయిన సున్నమువలె నిలిచినది. నీలిమందు ఆకాశమే కలుపుచున్నది! పడమటి గదిలో కథ మారినది. ఆ కిటికీ ఎదుట ఎర్రమట్టి దొడ్డి. నాలుగు గంటల ఎండ ఆ మట్టిపై పడి లోనికి దూకగా మీగడ గంధమై, ఐదింటికి పసుపు దంచిన రోలువలె అయినది. మా ఇంటామెయే ముఖము త్రిప్పుకొనెను. ముత్యము అక్కడ పాలవలె ఉన్నది. రాత్రి దీపములను గూడ మార్చి చూచితిమి. 6500 అని వ్రాసిన తెల్లని బల్బు క్రింద ముత్యమునకు నీలము పట్టినది, 3000 అని వ్రాసిన పసుపు బల్బు క్రింద మీగడ ముదిరినది. రంగు కొనువారు బల్బు సంగతి ముందే తేల్చుకొనవలెను. ఇంటివారు కలిసి కూర్చుండునది ఎక్కువగా దీపము క్రిందనే గదా.

హాలు, వంటగది, అమ్మ గది మీగడ. అబ్బాయి పడమటి గది ముత్యము. ఇది నిర్ణయించుటకు నిమిషము పట్టలేదు.

ఎక్కువ కాలము పట్టినది జాజు సంగతి. అమ్మను మాట మాత్రమునకు అడిగినప్పుడు, "ఏ తెలుపన్న వెయ్యండ్రి. గోడ ఎక్కడ ఆగుతదో, నేల ఎక్కడ మొదలైతదో నాకు తెలవాలె. అడుగున జాజు పెట్టండ్రి" అనెను. అప్పుడు నాకు ఆమె పడిన దినము అర్థమైనది. తెల్లని నేల, తెల్లని గోడ, తెల్లని తలుపు చట్రము, తెల్లని మీట. మంచి కండ్లకే అంచు దొరకదు, శుక్లమున్న కంటికి అది పొగమంచు. రెండు తెలుపుల నడుమ భేదము కొరకు మేము కొట్లాడుచుండగా, ఆమెకు కావలసినది తెలుపునకు తెలుపు కానిదానికి భేదము. జాజు మన ముసలివారికి గోడ అంచు చూపుచుండెనని ఎవరును మాకు చెప్పలేదు. యూదుల దేశములో పస్కాకు ముందు సమాధులకు సున్నము వేయువారని సువార్త చదివినవారందరికి తెలియును. యాత్రకు వచ్చినవారు తెలియక వాటిని తాకి మైలపడకుండునట్లు ఆ గురుతు పెట్టెడివారు. అక్కడను తెలుపు మెరుపు కొరకు కాదు, కనబడుట కొరకే.

అబ్బాయికి జాజు ఇష్టము లేదు. పట్నపు ఇంటికి పల్లె లంగా కట్టినట్టుండునని అనెను. నాలుగు దినములు వాదించి, జేనెడు కాదు, నాలుగు వ్రేళ్ళ వెడల్పున ముదురు ఎరుపు పట్టీ, తలుపు చట్రములకు, గడపలకు అదే రంగు, మీటల చుట్టును సన్నని గీత అని ఒప్పుకొనెను. ఒప్పుకొన్న పిమ్మట మూలలలో పట్టీ సరిగా కలియవలెనని మేస్త్రీ వెంట తానే మోకాళ్ళపై ప్రాకెను.

మేస్త్రీ పని ఆరంభించుటకు ముందు గోడలన్నియు తట్టి చూచెను. వంటగది వెనుక ఒకచోట చెమ్మ యుండి పొట్టు లేచుచుండగా రంగు వేయనని మొండికేసెను. లేవీయకాండము 14వ అధ్యాయములో గోడపై పచ్చని, ఎర్రని మచ్చలు కనబడిన ఇంటిని ఏడు దినములు మూసియుంచి, మచ్చ ప్రాకినయెడల ఆ రాళ్ళు తీసి, పూత గీకి, క్రొత్తది వేయవలెనను నియమము చదివినప్పుడెల్ల ఇంత చిన్న సంగతి అక్కడెందుకని నాకు తోచెడిది. మేస్త్రీ ఆ అధ్యాయము చదివినవాడు కాడు గాని అదే చేసెను. నీటి గొట్టపు కీలు కారుచున్నది. దానిని మార్చి, పూత గీకి, ఎండబెట్టుటకు వారము దినములు పోయినవి. తరువాత ఒక పెద్ద డ్రమ్ములో మీగడ డబ్బాలన్నియు పోసి కలిపెను. ఒక్క సంఖ్యతో కలిపిన డబ్బాలలోను వెంట్రుకవాసి భేదముండును, గోడ నడుమ డబ్బా మారినయెడల అతుకు కనబడునని చెప్పెను. మిగిలినదానిని చిన్న డబ్బాలో మూసి, సంఖ్య, తేదీ మూతపై వ్రాయించి మెట్ల క్రింద పెట్టితిమి.

క్రిస్మసుకు ముందు ఆదివారమునకు పని ముగిసెను. సంఘములోనివారు ప్రార్థన కూడికకు వచ్చి ఇల్లంతయు చూచిరి. హాలుకును పడమటి గదికిని రంగులు వేరని వారిలో ఒక్కరును పోల్చలేదు. ఉదయము హాలులో నిలిచి తలుపు గుండ చూచినయెడల రెండు తెలుపులు విడివిడిగా కనబడును. సాయంకాలము నాలుగైదు గంటల నడుమ అవి ఒక్కటే యగును, కొంతసేపటికి మరల విడిపోవును. ఎర్రపట్టీ మాత్రము అందరు చూచిరి. ముసలివారు ఇద్దరు ముగ్గురు దానిని వంగి చేతితో తడివి చూచి, తమ ఇండ్లకును వేయించెదమనిరి.

ఫిబ్రవరిలో అమ్మ రెండవ కంటికి ఆపరేషను జరిగెను. నెల దినములు అక్క దగ్గర ఉండి, వేసవి ముదరకముందే కోదాడకు తిరిగి వచ్చెను. గడప దగ్గర చెప్పులు విడిచి, ఎవరి చేయియు పట్టుకొనక, నడవ దాటి, తన గది మూల తిరిగి, మంచముపై కూర్చుండెను. గోడను పైనుండి క్రిందికి చూచెను. పిమ్మట మా ఇంటామెను పిలిచి, గొంతు తగ్గించి అడిగెను:

"బిడ్డా, నేను లేనప్పుడు మళ్ళ రంగు ఏయించిండ్రా ఏంది? మొన్న ఇంత తెల్లగ లేదు గద. ఎంతయింది?"